కళాశాల విద్యార్థి – యంత్రయుగం – భవిష్యత్తు

(సంఘ వార్షికోత్సవ సభలో కళాశాల విద్యార్థినీ విద్యార్థుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన విషయం చాలా పెద్దది. ఇచ్చిన సమయం అరగంట. పైగా నేను ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునే మాస్టర్ని. కాబట్టి గ్రంథాల జోలికి పోకుండా, నా దగ్గరికి వచ్చే పిల్లలు అడిగే ప్రశ్నలనే మీ ముందు పెట్టి, తోచిన సమాధానాలు చెబుతాను.

మా బడిలో పదో తరగతి దాటి వెళ్ళిన పిల్లలు ఇప్పుడు శ్రీకాకుళం, టెక్కలి, రాజాం, బొబ్బిలి, విజయనగరం కాలేజీల్లో చదువుతున్నారు. సెలవులకి వచ్చినప్పుడు కనబడి సలాం చెబుతారు. యోగక్షేమాలయ్యాక మాట ఎక్కడ మొదలుపెట్టినా చివరికి మూడు ప్రశ్నల దగ్గరికే వస్తుంది. "ఇంతమందిలో నేనెంత మాస్టారూ?" అన్నది మొదటిది. "అన్నీ ఫోనే చెబుతుంటే నేను నేర్చుకునేదేమిటి?" అన్నది రెండోది. "చదువయ్యాక ఏం చెయ్యాలి?" అన్నది మూడోది. అడిగే పిల్లలు వేరు, ప్రశ్నలు అవే. అంచేత ఈ మూడింటినీ వరసగా తీసుకుందాం.

నేనెవరు?

ఈ ప్రశ్నకి వేదాంతులు చెప్పే జవాబు వేరే ఉంది. నేను దాని జోలికి పోను. విద్యార్థి ముందు తన కాగితాలు తీసి చూసుకోవాలంటాను. బడి రికార్డులో "షేక్" అని, ఆధార్‌లో "షైక్" అని, బ్యాంకు పుస్తకంలో ఉత్త "ఎస్.కె." అని ఉంటుంది. తండ్రి పేరు ఒకచోట "మొహమ్మద్", ఇంకోచోట "ముహమ్మద్", మరోచోట "ఎం.డి." మన ఇళ్ళల్లో పేరు ఉర్దూలో పుడుతుంది, తెలుగులో పిలవబడుతుంది, ఇంగ్లీషులో రాయబడుతుంది. మూడు లిపుల ప్రయాణంలో ఒక అక్షరం అటో ఇటో అవుతుంది. పూర్వం గుమాస్తాగారు మనిషి ముఖం చూసి, "ఆ, ఫలానావారి అబ్బాయే" అని సంతకం పెట్టేవారు. యంత్రానికి ముఖమాటం లేదు. ఒక్క అక్షరం తేడా వస్తే దాని లెక్కలో మీరు ఇద్దరు మనుషులు. స్కాలర్‌షిప్పు ఒకరికి మంజూరవుతుంది, బ్యాంకు ఖాతా ఇంకొకరిది అవుతుంది, డబ్బు ఎవరికీ చేరదు.

నవ్వులాటకి చెప్పడం లేదు. మార్కులు బాగా వచ్చినా, ఫీజు డబ్బు సకాలంలో పడక చదువు మధ్యలో ఆగిన పిల్లల్ని నేను ఎరుగుదును. వాళ్ళకి తెలివి తక్కువై కాదు, అక్షరం తేడా అయి ఆగారు. పదో తరగతి సర్టిఫికెట్టులో ఏ పేరు పడుతుందో అదే జీవితాంతం వెంట వస్తుంది. తరవాత మార్చుకోవడం బహు కష్టం. అంచేత తొమ్మిదో తరగతిలోనే, పరీక్షకి పేర్లు పంపక ముందే, అన్ని కాగితాల్లోనూ పేరు ఒక్కలాగే ఉందా అని చూసుకోవాలి. "నేనెవరు?" అన్నదానికి యంత్రయుగంలో మొదటి జవాబు ఇదే.

రెండో జవాబు భాష. ఉర్దూ మీడియంలో చదివిన పిల్లవాడు ఇంటర్లోనో పాలిటెక్నిక్‌లోనో అడుగుపెట్టగానే కొత్త దేశం చేరినట్టు బెదిరిపోతాడు. లెక్చరరుగారు ఇంగ్లీషులో పాఠం చెబుతారు, తెలుగులో వివరిస్తారు. వీడికి వచ్చింది ఉర్దూలో. నిన్నటిదాకా క్లాసులో మొదటి బెంచీ, ఇవాళ చివరి బెంచీ. ఆరు నెలల్లో తనకు చదువే రాదనుకుంటాడు. సంవత్సరం తిరిగేసరికి ఏ సెల్‌ఫోన్ల రిపేరు షాపులోనో, వెల్డింగు షెడ్డులోనో కనబడతాడు. ఆ పనులు తక్కువవని నేననను. చేతిపని గొప్పదే. కాని ఇష్టపడి వెళ్ళడం వేరు, బెదిరి పారిపోవడం వేరు.

అతనికి నిజంగా చదువు రాదా? చూడండి. అతనికి "ముసావాత్" తెలుసు. దాన్నే తెలుగులో సమీకరణం అంటారు, ఇంగ్లీషులో ఈక్వేషన్ అంటారు. "ముసల్లస్" తెలుసు. అదే త్రిభుజం, అదే ట్రయాంగిల్. "బర్ఖ్" తెలుసు. అదే విద్యుత్తు, అదే ఎలక్ట్రిసిటీ. "హరారత్" తెలుసు. అదే ఉష్ణం, అదే హీట్. తెలియనిది పాఠం కాదు, పేరు. పైగా ముసావాత్ అంటే సమానత్వం అని కూడా అర్థం కాబట్టి, ఈక్వేషన్‌లో రెండు వైపులూ సమానంగా ఉండాలన్న సంగతి అతనికి విడిగా చెప్పక్కర్లేదు. మాటలోనే ఉంది.

అందుకని నేను పిల్లలకి ఒక చిన్న పని చెబుతాను. వంద పేజీల నోటుబుక్కు కొనండి. ప్రతి పేజీలో మూడు గడులు గీయండి. ఒకదాంట్లో ఉర్దూ మాట, రెండోదాంట్లో తెలుగు మాట, మూడోదాంట్లో ఇంగ్లీషు మాట. రోజుకి పది మాటలు. పదో తరగతి పరీక్షలకీ, కాలేజీ తెరవడానికీ మధ్య రెండు నెలల ఖాళీ ఉంటుంది. అరవై రోజుల్లో ఆరు వందల మాటలు. మొదటి సంవత్సరం లెక్కలు, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం అందుకోవడానికి ఆ ఆరు వందలు మంచి నిచ్చెన అవుతాయి.

ఈ ఉపాయం నేను కనిపెట్టింది కాదు. ఇంతకంటే ఎంతో పెద్ద ఎత్తున హైదరాబాదులో జరిగింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని ఉర్దూ బోధనా భాషగా స్థాపించారు. దానికి ముందే 1917లో "దారుత్తర్జుమా" అని ఒక అనువాద సంస్థ పెట్టి, శాస్త్రగ్రంథాలు ఉర్దూలోకి తెచ్చే పని మొదలుపెట్టారు. వైద్యం, ఇంజనీరింగు కూడా ఆ భాషలో చెప్పారు. 1948 తరవాత ఆ విశ్వవిద్యాలయం ఇంగ్లీషుకి మారింది. చెప్పొచ్చేదేమంటే, మీ భాషకి శాస్త్రం మోసే శక్తి లేదని ఎవరైనా అంటే నమ్మకండి. అలాగని ఇంగ్లీషు, తెలుగు మనకెందుకని కూడా అనకండి. మూడు భాషలు వచ్చినవాడు మూడు గుమ్మాలున్న ఇంటివాడు. ఏ గుమ్మం మూసినా ఇంకో గుమ్మం ఉంటుంది.

యంత్రం ఎవరిది?

ఇక రెండో ప్రశ్న. అన్నీ ఫోను చెబుతుంటే మనం నేర్చుకునేదేమిటి?

విజయనగరంలో నిలబడి మాట్లాడుతూ గురజాడ అప్పారావుగారిని తలచుకోకపోతే ఎలా? మహారాజా కళాశాలలో చదివి అక్కడే పాఠాలు చెప్పినవారాయన. వారి "కన్యాశుల్కం" నాటకం 1892లో మొదటిసారి ప్రదర్శించారు. ఈనాడు మనం చదివే పెద్ద నాటకం 1909లో వచ్చింది. అందులో గిరీశం ఉన్నాడు, అతని శిష్యుడు వెంకటేశం ఉన్నాడు. గిరీశం ఏది అడిగినా ధారాళంగా చెబుతాడు. తెలియదన్న మాట అతని నోట రాదు. శిష్యుడు మాత్రం పరీక్ష తప్పాడు. ఊరికి వెళ్ళాక తల్లి, పాపం, ఇద్దరూ కలిసి ఇంగ్లీషు మాట్లాడితే వినాలని ముచ్చటపడుతుంది. గురుశిష్యులిద్దరూ పిల్లల పద్యం ముక్కలూ, వాచకంలోని వాక్యాలూ ఒకరి ముఖం ఒకరు చూస్తూ అప్పజెబుతారు. ఆవిడ సంతోషానికి మేరలేదు.

2022 నవంబరులో చాట్‌జీపీటీ అనే కృత్రిమ మేధ బయటికి వచ్చింది. తరవాత అటువంటివి ఎన్నో వచ్చాయి. అది ప్రతి విద్యార్థి జేబులోకీ ఒక గిరీశాన్ని పంపింది. నేను దాన్ని నిందించడం లేదు. అది ఎలా పనిచేస్తుందో తెలుసుకుంటే దాని గుణం తెలుస్తుంది. కోట్లకొద్దీ పుటల రాతలు చదివించి, ఒక మాట తరవాత ఏ మాట రావడానికి ఎక్కువ వీలుందో అంచనా కట్టడం దానికి నేర్పారు. అంచేత దాని వాక్యం ఎప్పుడూ నున్నగా ఉంటుంది. నిజం అయినప్పుడు ఎంత ధీమాగా చెబుతుందో, తప్పు అయినప్పుడూ అంత ధీమాగానే చెబుతుంది. పైగా అది చదివిన రాతల్లో ఇంగ్లీషు పాలు బాగా ఎక్కువ. తెలుగు, ఉర్దూ పాలు తక్కువ. కాబట్టి మన భాషల్లో అడిగినప్పుడు మరింత జాగ్రత్తగా ఉండాలి.

మరి మానెయ్యాలా? మానక్కర్లేదు. వెంకటేశం కాకుండా ఉంటే చాలు. లెక్క ముందు మీరు చెయ్యండి, ఆగిపోయిన చోటే దాన్ని అడగండి. చెప్పినది పాఠ్యపుస్తకంతో సరిచూడండి. "నాకు జవాబు చెప్పకు, నన్నే ప్రశ్నలు అడుగు" అని పురమాయించండి, అది మంచి పరీక్షాధికారి అవుతుంది. చివర ఫోను బోర్లా పెట్టి, ఆ పాఠం ఇంట్లో తమ్ముడికో చెల్లెలికో మన మాటల్లో చెప్పి చూడండి. చెప్పగలిగితే అది మీ విద్య. చెప్పలేకపోతే అది ఫోను విద్య. పరీక్ష హాల్లోకి ఫోను రానివ్వరు, బతుకులో చాలాచోట్లకి అది రాలేదు.

యంత్రం వచ్చి మనిషి పని తీసుకుపోతుందన్న భయం కూడా పాతదే. మా చిన్నతనంలో ప్రతి ఊళ్ళోనూ టైపు ఇన్‌స్టిట్యూటు ఉండేది. లోయరు, హయ్యరు పాసైతే గుమాస్తా ఉద్యోగానికి ఆశ. గోద్రెజ్ కంపెనీ ఆ మిషన్ల తయారీ మానేసి పదేళ్ళు దాటింది. తంతి సౌకర్యం 2013 జూలైలో ఆగిపోయింది. కాని టైపు మిషను మీది అక్షరాల వరసే కంప్యూటరు మీదికి వచ్చింది. వేళ్ళు తెలిసినవాడు కుర్చీ మార్చుకుని కూర్చున్నాడు. మిషను పోయింది, విద్య పోలేదు.

ఉర్దూ కాతిబుల కథ ఇంకా చెప్పుకోదగ్గది. ఉర్దూ నస్తాలీఖ్ లిపిలో అక్షరాలు ఒకదాని మీద ఒకటి వాలుగా జారుతుంటాయి. సీసపు అచ్చులకి అది లొంగలేదు. అందుకని తక్కిన భాషల పత్రికలు అచ్చు కూర్చుకుంటున్న కాలంలో కూడా ఉర్దూ పత్రికలు కాతిబుల చేతిరాతతోనే నడిచాయి. మదరాసులో 1927లో మొదలైన "ముసల్మాన్" దినపత్రిక, కంప్యూటర్లు వచ్చిన తరవాత కూడా ఎన్నో ఏళ్ళు చేతిరాతతోనే వెలువడి ప్రపంచంలో పేరుపొందింది. చివరికి 1981లో మీర్జా అహ్మద్ జమీల్ అనే లిపికారుడు, మోనోటైపు కంపెనీతో కలిసి, నూరీ నస్తాలీఖ్ అనే కంప్యూటరు లిపి తయారుచేశారు. ఇరవై వేల పైచిలుకు అక్షరాల కూర్పులు అందులో ఉన్నాయి. 1994లో ఢిల్లీలో ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేరు వచ్చాక అది ఊరూరా వ్యాపించింది.

దీంట్లో రెండు సంగతులు గమనించండి. కాతిబుల కూలి పోయింది, నిజం. దాన్ని దాచి యంత్రాన్ని పొగడడం న్యాయం కాదు. రెండోది, ఆ యంత్రం లోపల ఉన్నది కూడా ఒక కాతిబు చెయ్యే. లిపి ప్రాణం తెలిసినవాడు కూర్చోకపోతే ఎంత కంపెనీ అయినా ఆ అక్షరం తీర్చలేకపోయేది. యంత్రాన్ని చూసి పారిపోయినవాడు పని పోగొట్టుకున్నాడు. తన విద్యతో సహా యంత్రం దగ్గరికి వెళ్ళినవాడు దానికి పని నేర్పాడు.

కంప్యూటరు వాళ్ళు రోజూ అనే "అల్గారిథం" అనే మాట కూడా ఒక మనిషి పేరే. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో పనిచేసిన అల్ ఖ్వారిజ్మీ పేరు లాటిన్ నోళ్ళలో నలిగి అలా అయింది. ఆయన బీజగణిత గ్రంథం రాసింది ఆస్తి పంపకాలు, వ్యాపారపు లెక్కలు, భూమి కొలతలు తేల్చుకునే మామూలు జనం కోసం. ఆయన వివరించిన అంకెలు మన భారతదేశం నుంచి వెళ్ళినవి. ఈ విద్య ఏ ఒక్కరి సొత్తూ కాదు. చేతికి అందినవాడిదల్లా అది.

రేపటి దారి

మూడో ప్రశ్న భవిష్యత్తు. మా తరంలో ఇంజనీరింగు అంటే ఎక్కువగా విశాఖపట్నం వైపే చూసేవాళ్ళం. ఇప్పుడు దారులు దగ్గరికి వచ్చాయి. రాజాంలోనూ, విజయనగరం దగ్గరా 1997లో ఇంజనీరింగు కాలేజీలు వచ్చాయి. 2007లో విజయనగరంలో వచ్చిన జె.ఎన్.టి.యు. కళాశాల 2022లో గురజాడ పేరు మీద విశ్వవిద్యాలయమయింది. ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం 2008 నుంచి ఉంది. శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీ 2016లో ఏర్పడింది. పదో తరగతి మార్కుల మీద సీటు, ఆరేళ్ళ చదువు. పాలిసెట్ రాసి మూడేళ్ళ డిప్లొమా చేసినవాడు ఈసెట్ రాసి బి.టెక్. రెండో సంవత్సరంలోకి నేరుగా వెళ్ళవచ్చు. ఉర్దూలోనే పైచదువు కావాలనుకుంటే 1998లో స్థాపించిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది, కడపలో దానికి పాలిటెక్నిక్ ఉంది. కర్నూలులో అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం 2016లో వచ్చింది. నీట్ పరీక్ష 2018 నుంచి, జె.ఇ.ఇ. మెయిన్ 2021 నుంచి ఉర్దూలో కూడా రాయవచ్చు. ఐ.ఐ.టి. ఆచార్యుల పాఠాలు ఎన్.పి.టి.ఇ.ఎల్., స్వయం వేదికల మీద ఉచితంగా వినవచ్చు.

దారులు ఇన్ని ఉన్నప్పుడు చిక్కు వేరే వస్తుంది. ఎక్కడ హోరు వినబడితే అటు పరిగెత్తడం మన అలవాటు. భోగాపురం విమానాశ్రయానికి 2019లో ఒకసారి, 2023లో ఒకసారి శంకుస్థాపన జరిగింది. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్నంలో అయిదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లతో కృత్రిమ మేధ కేంద్రం కడతామని ప్రకటించింది. వెంటనే అందరూ "కంప్యూటర్ సైన్సే" అంటారు. సంతోషమే. కాని అటువంటి కేంద్రంలో పగలూ రాత్రీ కరెంటు ఆగకూడదు, యంత్రాలు వేడెక్కకూడదు, కేబుళ్ళు తెగకూడదు. అంటే ఎలక్ట్రీషియను, ఎయిర్ కండిషనింగు మెకానిక్కు కూడా కావాలి. ఇవి ఐ.టి.ఐ.లో రెండేళ్ళ చదువులు. ప్రోగ్రాములు రాసేవాడే కాదు, దీపం ఆరకుండా చూసేవాడూ యంత్రయుగంలో మనిషే.

అందుకని నా సలహా ఇది. యంత్రం పేరు మీద భవిష్యత్తు కట్టకండి. యంత్రం పదేళ్ళకొకసారి పేరు మార్చుకుంటుంది. లెక్క, భాష, చేతిపని, అడిగే అలవాటు – ఈ నాలుగింటి మీద కట్టండి. ఒక కాగితం తీసి మూడు సంగతులు రాయండి. మొదటి దారి ఏది, అది కుదరకపోతే రెండో దారి ఏది, రెండింటికీ ఎంత ఖర్చు, అది ఎక్కడి నుంచి వస్తుంది. ఖర్చు రాయని పథకం పథకం కాదు, అది కోరిక.

రెండో దారి గురించి సిగ్గుపడకండి. రామేశ్వరంలో ఒక పడవ యజమాని కొడుకు విమానం నడపాలని కలగన్నాడు. వాయుసేన ఎంపికలో ఎనిమిది ఖాళీలుంటే తొమ్మిదోవాడుగా నిలిచాడు. పైలట్ కాలేదు. రక్షణశాఖలో వచ్చిన ఇంకో ఉద్యోగంలో చేరాడు. 1980లో రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలోకి చేర్చిన ఎస్.ఎల్.వి.–3 పథకానికి నాయకత్వం వహించింది ఆయనే. పేరు మీకందరికీ తెలుసు – అబ్దుల్ కలాంగారు. ఆ తొమ్మిదో స్థానమే ఆయన్ని రెండో దారిలో నిలబెట్టింది.

పెద్దలకు ఒక మాట

తల్లిదండ్రులు కోపం తెచ్చుకోకపోతే ఒక మాట. ఆడపిల్ల పదో తరగతి దాటగానే, "ఇక చాల్లే, దూరం పంపలేం" అంటున్నాం. ఫోను మాత్రం అబ్బాయి చేతిలో పెడుతున్నాం. అప్లికేషన్ పెట్టాలంటే ఓటీపీ తండ్రిగారి ఫోనుకి వస్తుంది. ఆయన దుకాణంలోనో, లారీ మీదో, కువైట్‌లోనో ఉంటారు. అంకెలు చెప్పేలోగా గడువు అయిపోతుంది. ఆఖరు తేదీ నాడు ఇలా జరిగితే ఒక సంవత్సరం పోయినట్టే. మగపిల్లవాడికి సంవత్సరం పోతే సంవత్సరమే పోతుంది. మన ఇళ్ళల్లో ఆడపిల్లకి సంవత్సరం పోతే చదువే పోతుంది. అంచేత బిడ్డ చదువుకి ఇచ్చే నంబరు ఇంట్లో ఉండే ఫోనుది ఇవ్వండి. అది తల్లిదైతే మరీ మంచిది. ఓటీపీ అంటే ఏమిటో, దాన్ని ఎవరికి చెప్పకూడదో ఆ తల్లికి బిడ్డచేతే నేర్పించండి.

సంఘం పెద్దలకి మూడు విన్నపాలు. ప్రతి ఏడూ తొమ్మిదో తరగతి పిల్లల కాగితాలన్నీ ఒకరోజు కూర్చుని సరిచూసే ఏర్పాటు చెయ్యండి. దానికి డబ్బు అక్కర్లేదు, నలుగురు చదువుకున్నవాళ్ళు చాలు. వేసవిలో మూడు గడుల నోటుబుక్కులు పంచి, కాలేజీలో ఉన్న పెద్దపిల్లలచేత చిన్నవాళ్ళకి మాటలు నేర్పించండి. సాయంత్రాలు తెరిచి ఉండే ఒక గది, రెండు కంప్యూటర్లు ఏర్పాటు చెయ్యండి. ఆడపిల్లలకి వేరే వేళ కేటాయించండి. ఫీజుల పథకాల పేర్లు ప్రభుత్వాలతో పాటు మారుతుంటాయి. ఏ ఏడు ఏది నడుస్తోందో, ఆఖరు తేదీ ఎప్పుడో ఆ గది గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి.

విద్యార్థులారా! ఇక్కడినుంచి ఇంటికి వెళ్ళగానే మీ పదో తరగతి సర్టిఫికెట్టు, ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం మూడూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. పేరు సరిగా ఉంటే సంతోషం. లేకపోతే రేపే ఆ పని మొదలుపెట్టండి. భవిష్యత్తుని గురించి ఎంత పెద్ద ఆలోచన అయినా ఇటువంటి చిన్న పనితోనే మొదలవుతుంది.